వెనకింటి మామ్మ పట్టుబొంత

నా చిన్నప్పుడు చోడవరంలో మా వీధిన పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి నీళ్ళు వెనకింటి మామ్మే పోసేది. ఆమె మాకు చుట్టం కాదు. మా పెరటి గోడ అవతల రెండు గదుల పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి నీళ్ళు పోస్తుంటే ఎంత ఏడుపుగొట్టు బిడ్డయినా కాసేపటికి మూలగడం మానేసి నిద్రలోకి జారుకునేది.

స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేసేది. తరవాత ఎవరూ అడక్కుండానే ఇంకో పని చేసేది. తనతో తెచ్చుకున్న పట్టుబొంత విప్పి చాప మీద పరిచి, బిడ్డని దాని మధ్యలో పడుకోబెట్టేది. ఎంతోసేపు కాదు. బిడ్డ రెండుసార్లు కాళ్ళు ఆడించేంతసేపు. మళ్ళీ తీసి తల్లి ఒళ్ళో పెట్టి, బొంత మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది. మా వీధిలో అదొక ఆచారమైపోయింది. బొంత మీద పడుకున్న బిడ్డకి దిష్టి తగలదని కూడా అనుకునేవారు. నన్నూ పడుకోబెట్టారు, నా తమ్ముణ్ణీ పడుకోబెట్టారు.

ఆ బొంతంత అందమైన వస్తువుని నేను అప్పటికి చూడలేదు. అరచెయ్యంత పట్టు ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి, వందలకొద్దీ. వంగపండు రంగు, చిలకాకుపచ్చ, నెమలికంఠం, కుంకుమ, పసుపు. కొన్నిటికి జరీ పోగులు నల్లబడి ఉండేవి. నడివయసు దాటని రోజుల్లో మొదలుపెట్టిందట మామ్మ. అంటే మా నాన్న పుట్టకముందు మాట. ప్రతి ముక్క చుట్టూ చీమల బారులా సన్నటి కుట్టు. అంత పట్టు ఎక్కడిదని పెద్దవాళ్ళు తలో మాట అనేవారు. నేతగాళ్ళు ఎవరో చుట్టాలున్నారని కొందరు, ఏదో పెద్దింట్లో పనిచేసినప్పుడు ఇచ్చారని కొందరు. ఆమెనే అడగాలని ఎవరికీ తోచలేదు.

నేను ఐదో తరగతిలో ఉన్నాను. కార్తీకంలో తుపాను పట్టి వారం రోజులు ముసురు విడవలేదు. చివరికి ఒక ఉదయం ఎండ కాసింది. బడి గదుల్లో ఇంకా నీళ్ళున్నాయని మాకు సెలవిచ్చారు. నాన్న పనికి వెళ్ళిపోయారు, అమ్మ సంతకి వెళ్ళింది. నాయనమ్మ వసారాలో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని బియ్యం ఏరుతోంది. నేను గోడకి పడిన కంతలోంచి మామ్మ పెరట్లోకి దూరాను.

నులక మంచం మీద బొంత ఆరేసి ఉంది. పక్కనే మామ్మ నేల మీద కూర్చుని దాన్ని అంగుళం అంగుళం తడిమి చూస్తోంది, ఎక్కడైనా పురుగు కొట్టిందేమోనని. చేతులు కడుక్కుని వస్తే ముట్టుకోనిస్తానంది. కడుక్కుని వచ్చి, చేతులు కాదు, చెంప ఆనించాను. ఎండకి వెచ్చగా, మెత్తగా ఉంది. అలాగే ఉండిపోయాను.

అప్పుడు వచ్చింది ఎదురింట్లో అద్దెకున్న అక్క. ఆమె భర్తకి విశాఖపట్నం నుంచి ఇక్కడికి బదిలీ అయింది. ఆమెకి ఏడో నెల. నడుము నొప్పికి ఏం చెయ్యాలో అడుగుదామని వచ్చినదల్లా బొంత చూసి మాట మర్చిపోయింది. మెట్టు మీద నిదానంగా కూర్చుని, ఒక్కో ముక్కా వేలితో రాస్తూ మెచ్చుకుంది. తన బిడ్డని కూడా దీని మీద పడుకోబెట్టాలని అడిగింది. మామ్మ మొహం వెలిగింది.

"ఇంత పట్టు ఎక్కడిది మామ్మా? ఎవరి దగ్గర కొన్నారు?"

"కొన్నది కాదమ్మా. ఆడోళ్ళవి."

"ఏ ఆడవాళ్ళవి?"

"పోనోళ్ళవి," అంది మామ్మ.

ఎంత మామూలుగా అందంటే, మాకిద్దరికీ ముందు అర్థం కాలేదు. మామ్మ తన ధోరణిలో చెప్పుకుపోయింది. మా వీధిలో, చుట్టుపక్కల వీధుల్లో ఆడవాళ్ళు ఎవరు పోయినా చివరి స్నానం చేయించేది కూడా ఆమేనట. పిల్లల్ని అటు రానివ్వరు కాబట్టి ఆ సంగతి నాకు తెలియదు. తలుపు వేసి, పసుపు రాసి, నీళ్ళు పోసి, ముత్తైదువుగా పోయినవాళ్ళకి పెళ్ళినాటి పట్టుచీర కట్టేది. కట్టేముందు, కుచ్చిళ్ళలో లోపలికి పోయే చెంగు నుంచి అరచెయ్యంత ముక్క కత్తిరించి దాచేది. ఇంటికొచ్చి బొంతకి కలిపేది.

"ఇది కలరాలో పోనాది, మంగలోళ్ళ ఈది మొదట్లో ఇల్లు. ఇది బావిలో పడ్డ ఆడగుంటది, పదారేళ్ళు నిండలేదు. ఇది ముగ్గురు కొడుకుల తల్లి, పాము కరిసినాది." వేలు ముక్క నుంచి ముక్కకి నడుస్తోంది. ఒక ముక్క దగ్గర ఆగి, నా వైపు ఒకసారి చూసి, దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళింది. అది నేను గమనించాను గానీ, ఆలోచించే స్థితిలో లేను. నా చెంప ఇంకా బొంత మీదే ఉంది.

ఎలా లేచానో తెలియదు. అక్క గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆమె పెదాల్లో రంగు లేదు. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను బోరింగు దగ్గరికి పరిగెత్తి సబ్బుతో చెంప తోముకున్నాను. కడుక్కున్నాక మళ్ళీ కడుక్కున్నాను. చచ్చిపోయినవాళ్ళ చీర. వాళ్ళ ఒంటి మీద చీర. దాని మీద నన్ను పడుకోబెట్టారు. ఇంకేమీ తట్టడం లేదు.

మధ్యాహ్నానికి వీధంతా తెలిసిపోయింది. మగవాళ్ళు పనుల మీద ఉన్నారు. ఆడవాళ్ళంతా మామ్మ పెరట్లో చేరారు. ముందు నిలబడింది మా నాయనమ్మే. మడీ ఆచారం అంటూ సాధించే మనిషి కాదు గానీ, అక్కలా చూసుకుంటూ అప్పా అని పిలిచే మామ్మ మీద ఆ రోజు విరుచుకుపడింది.

"మా పిల్లల్ని శవాల గుడ్డల మీద పండబెట్టేవేటి, అప్పా? ఇన్నాళ్ళూ దాసేవా?"

"దాసలేదు. ఎవులూ అడగలేదు," అంది మామ్మ. "అడిగితే సెప్పేదాన్నే. ఇయాల ఆ అమ్మి అడిగినాది, సెప్పేను."

ఆ మాటకి గొడవ పెద్దదైంది. ఒక్కరు మాత్రం అరవలేదు. మూలింటి అత్త. ఆమె మూడు నెలల కొడుకు అంతకుముందు ఏడాది జ్వరమొచ్చి పోయాడు. ఆమె నెమ్మదిగా ముందుకొచ్చి, "నా కొడుకుని దీని మీద ఏసేవు కదా మామ్మా," అంది. అంతే అంది. మామ్మ తల దించేసుకుంది. దాంతో పెరట్లో ఉన్నవాళ్ళందరికీ తీర్పు దొరికినట్టయింది.

ఎవరో మంచం మీద నుంచి బొంత లాగారు. చూరు కింద తడవకుండా దాచిన ఎండు చెరుకాకు పోగు ఒకటి మూల ఉంటే దాని మీద పడేశారు. మూలింటి అత్త ఇంటికెళ్ళి కిరసనాయిలు సీసా తెచ్చింది. బొంత ఒక కొస మీద పోసింది కూడా. ఆ వాసన నాకు తెలుస్తోంది. మామ్మ లేవలేదు. అడ్డం రాలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, తన చేతులకేసే చూసుకుంటోంది. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే, త్వరగా కాల్చేస్తే నా చెంప బాగుపడుతుందని అనిపించింది.

అప్పుడు అమ్మ వచ్చింది. సంత సంచి ఇంకా చేతిలోనే ఉంది. వీధి మొదట్లోనే ఎవరో చెప్పారట. మా అమ్మ అత్తగారి ముందు గొంతెత్తే మనిషి కాదు. నలుగురిలో ఉంటే నాలుగో మనిషి వెనక నిలబడే మనిషి. సంచి కింద పెట్టింది. అందరినీ దాటుకుని వెళ్ళి ఆకు పోగు దగ్గర గొంతుక్కూర్చుంది. బొంత లాక్కుని ఒళ్ళో పరుచుకుని, ఏదో వెతుకుతూ చేత్తో తడిమింది. ఉల్లిపొర రంగు ముక్క ఒకటి దొరికింది. దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

"ఇది మా అక్కది," అంది.

పక్కనే ఉన్న నాయనమ్మ ఒంగి అమ్మ భుజం పట్టుకుంది. "ఊరుకోయే, గుంట వింటంది."

"విననీ అత్తా. పదేళ్ళు దాసేను." అమ్మ నా వైపు చూడలేదు. "ఇది ఈ గుంటని కన్న తల్లిది. దాని బట్టన్నది ఈ లోకంలో మిగిలింది ఈ ముక్కొక్కటే. మామ్మ కత్తిరిస్తంటే ఆ గదిలో నేనున్నాను. కాల్సేదుంటే నా ఎదురుగా కాల్సండి."

ఈ గుంట అంటే ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఏ ఆడపిల్లా లేదు. తడి గోడ ఉంది. మళ్ళీ ముందుకి తిరిగేసరికి అందరూ నన్నే చూస్తున్నారు, అమ్మ తప్ప.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయం వెయ్యలేదు. చెవుల్లో ఏదో హోరు. ఎవరో మాట్లాడుతున్నారు, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం నా దాకా రావడం లేదు. పొద్దున మామ్మ వేలు ఆగిన ముక్క అదే. నేను చెంప ఆనించిందీ దాని మీదే, సబ్బుతో తోమి వదిలించుకోవాలనుకున్నదీ దాన్నే.

హోరు తగ్గాక నాకు వినబడిన మొదటి గొంతు మా నాయనమ్మది. ఆమె ఆకు పోగు పక్కన కూర్చుని ఉంది. అంతసేపూ అరిచిన మనిషి, చిన్నపిల్లలా అడుగుతోంది. "అప్పా, మా అమ్మది ఉందేటి?"

నాయనమ్మ తల్లి చివరి రోజుల్లో కూతురి దగ్గరికి వచ్చి, మా ఇంట్లోనే పోయిందట. మామ్మ మెల్లగా లేచి వచ్చింది. బొంత తిరగేసి, అస్తరు మీద వేళ్ళు నొక్కుకుంటూ వెతికి, ఒక చోట ఆగింది.

"మీ అమ్మకి పట్టు లేదు కదా. పట్టు లేనోళ్ళు, ముండమోసినోళ్ళు, అందరూ లోపలున్నారు. నేత సీర ముక్కలే లోపలి పొరంతా. ఇదుగో, ఇక్కడుంది." నాయనమ్మ చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. నాయనమ్మ ఆ చోటుని బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది.

ఆ తరవాత ఇంకొకామె ఒంగింది. మా అత్తది ఏది అని అడిగింది. ఇంకొకామె చెల్లెలి కోసం అడిగింది. మామ్మకి ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఫోటోలు తీయించుకునే రోజులు కావవి. వాళ్ళ తల్లుల మొహాలు వాళ్ళకే సరిగా గుర్తు లేవు. చీర రంగు మాత్రం చూడగానే గుర్తుపట్టారు. ఇది కట్టుకుని నన్ను తీర్థానికి తీసుకెళ్ళిందని ఒకామె అంది.

పిల్లల్ని ఎందుకు పడుకోబెట్టేవని మామ్మని ఎవరో అడిగారు. కోపంతో కాదు, తెలుసుకుందామని. "బిడ్డ పుడితే పెద్దోళ్ళ ఒళ్ళో ఎయ్యాల కదమ్మా," అంది. "ఈల్లందరూ సూడకుండానే పోనారు. ఓ పాలి అందరి ఒళ్ళోనూ ఏస్తన్నాను, అంతే."

అంతా సర్దుకుందని చెప్పను. మూలింటి అత్త ఏ ముక్కా అడగలేదు. ఖాళీ సీసా పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. చాలాకాలం మామ్మ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేది. ఆమెని తప్పు పట్టే వయసు నాకు అప్పుడూ లేదు, మనసు ఇప్పుడూ లేదు. అద్దెకున్న అక్క పురిటికి పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి భర్తే సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చేశాడు. తరవాత పుట్టిన పిల్లల్ని కొందరు బొంత మీద పడుకోబెట్టనిచ్చారు, కొందరు వద్దన్నారు. వద్దన్నవాళ్ళింటికి మామ్మ బొంత లేకుండా వెళ్ళి నీళ్ళు పోసి వచ్చేది.

నా సంగతి వేరు. నాలుగు రోజులు నేను అమ్మని అమ్మా అని పిలవలేదు. వేరే పేరుతోనూ పిలవలేదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడేదాన్ని. అన్నం పెడితే తినేదాన్ని. రాత్రి నాయనమ్మ పక్కన పడుకునేదాన్ని. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోవాలని చూడలేదు, బతిమాలలేదు. జడ వెయ్యడానికి కూర్చోబెట్టుకున్నప్పుడు మాత్రం ఆమె వేళ్ళు మామూలు కంటే నెమ్మదిగా కదిలేవి. నాన్న సాయంత్రం పూట నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తిప్పేవారు. చీకటి పడ్డాక ఇంటికి తెచ్చేవారు. నాకు అమ్మ మీద కోపమో, లేని అమ్మ మీద దిగులో తెలిసేది కాదు. ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో మార్చేసి అచ్చం అలాంటిదే పెట్టినట్టుండేది.

అయిదో రోజు నేనే గోడ కంతలోంచి మామ్మ దగ్గరికి వెళ్ళాను. బొంతకి కిరసనాయిలు తగిలిన కొస కుంకుడు నురగతో ఉతుకుతోంది. ఏమీ అడక్కుండా కూర్చున్నాను. ఆమే చెప్పింది. నేను పుట్టిన రెండో రోజున నన్ను కన్న అమ్మకి జ్వరం ముంచుకొచ్చిందట. మూడో రోజు తెల్లవారాక పోయిందట.

"నిన్ను సూడకుండా పోనాదనుకోకు. సూసింది. పక్కలో ఏసుకుని నీ సెవులు సూసింది. ఆళ్ళ నాన్న సెవులే వచ్చేయని నవ్వింది." తడి కొస పిండుతూ అంది. "పదకొండో రోజుకి ఆ ముక్క కుట్టేసేను. నీకు నీళ్ళోసి, నిన్ను దాని మీదే ఏసేను. మీ నాన్న తరవాత సేసుకున్న నీ పిన్ని అప్పుడు పద్దెనిమిదేళ్ళ గుంట. గుమ్మంలో నిలబడి ఏడిసింది. మరి నిన్ను దింపలేదు."

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఆకలేస్తంది," అన్నాను. ఆమె వెంటనే తిరగలేదు. గరిటె గిన్నెలో అలాగే ఆగిపోయింది. తరవాత కంచం తీసి కడిగింది. అప్పటికే కడిగి ఉన్న కంచం.

మామ్మ నేను ఇంటర్ చదివేటప్పుడు పోయింది. ఊరందరికీ నీళ్ళు పోసిన మనిషికి నీళ్ళు పొయ్యడానికి మా అమ్మ వెళ్ళింది. మామ్మకి పట్టుచీర ఎలాగూ లేదు. ఆమె నేత చీర నుంచి ఒక ముక్క కత్తిరించి, అమ్మ దాన్ని బొంత లోపలి పొరలో కలిపి కుట్టింది. ఆ కుట్టు మామ్మ కుట్టులా లేదు, వంకరగా వచ్చింది. బొంత ఇప్పటికీ అమ్మ దగ్గరే ఉంది. చాలా ముక్కలు చివికి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి.

నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకరోజు అమ్మని అడిగాను. ఆ రోజు ఊరుకుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా, నేను నిన్ను వదిలేసి ఆవిడనే తలుచుకుంటూ కూర్చుంటానని భయం వెయ్యలేదా అని.

"ఎయ్యకేటి," అంది. "దారంతా అదే భయం. కానీ అక్కని ఒకపాలి కాల్సేసి వచ్చేం కదా. రెండోపాలి ఎలా కాల్సనిస్తాను?"

నా వైపు ఎందుకు చూడలేదో కూడా చెప్పింది. చూస్తే నోరు పెగలదని.

పదేళ్ళుగా పోగొట్టుకోకూడదనుకున్నదాన్ని మా అమ్మ ఆ పెరట్లో, అంతమంది మధ్య, తన చేత్తో తనే పణంగా పెట్టింది. మాట్లాడలేక కూర్చున్న ఒక ముసలామె కోసం, తిరిగిరాని ఒక అక్క కోసం. నా జీవితంలో అలా నిలబడవలసిన సందర్భాలు మూడు వచ్చాయి. రెండుసార్లు నిలబడ్డాను. ఒకసారి నిలబడలేదు. ఆ ఒక్కసారి గురించి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.